క్యాంపస్‌లో అందరికీ చేతిపని సైన్స్: బల్లల లెక్క నుంచి డ్రై ఐస్ దాకా

విశ్వవిద్యాలయం ఒక రోజు గేట్లు తెరిచి అందర్నీ రమ్మందంటే, తమ దగ్గరున్న అతి ఖరీదైన యంత్రాన్ని చూపించాలని ప్రతి డిపార్ట్‌మెంటుకూ అనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు తాడు కడతారు. పక్కన ఒక రీసెర్చ్ స్కాలర్ నిలబడి పదిహేను నిమిషాలు చెబుతాడు. వచ్చినవాళ్లు తలూపి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. దాన్ని దర్శనం అనొచ్చు గానీ ప్రయోగం అనలేం.

బల్ల మీద ఏం పెట్టాలో తేల్చుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఫలితాన్ని మార్చే పని ఎవరి చేతిలో ఉంది? తీగ ఎక్కడ గీకాలి, దారం ఎంత పొడవుండాలి, ఆల్కహాల్ ఎంత నెమ్మదిగా పొయ్యాలి లాంటివి వచ్చినవాళ్లు తేల్చుకుని, తప్పయితే తప్పని వాళ్ల కళ్లతోనే చూసుకునేలా ఉంటే ఆ బల్ల పనికొస్తుంది. బటన్ నొక్కితే బల్బు వెలగడం మాత్రమే ఉంటే తీసేయండి. ఈ పద్ధతికి విశ్వవిద్యాలయంలోనే వేర్లున్నాయి. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం తెరవడానికి ముందే కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ప్రయోగాల లైబ్రరీ’ నడిపాడు. విద్యార్థులు తమకు వీలైనప్పుడు వచ్చి పరికరాల్ని స్వయంగా తిప్పి చూసుకునేవాళ్లు. పరికరం ముందు మనిషిని ఒంటరిగా వదలగలగడం అన్నది అప్పటికీ ఇప్పటికీ మంచి పరీక్షే.

ఎన్ని బల్లలు, ఎంతమంది

ముందు లెక్క వేసుకోండి. ఆరుగురు పట్టే బల్ల ఒకటి అనుకుందాం. ప్రయోగానికి అయిదు నిమిషాలు, తుడిచి మళ్లీ సర్దడానికి రెండు నిమిషాలు. గంటలో ఏడు నిమిషాల విడతలు ఎనిమిదిన్నర పడతాయి, అంటే బల్లకు గంటకు 51 మంది. నాలుగు గంటల్లో 600 మంది వస్తారు, ఒక్కొక్కరూ ఆరు బల్లలైనా తిరుగుతారు అనుకుంటే మొత్తం 3,600 వంతులు, గంటకు 900. దాన్ని 51తో భాగిస్తే పద్దెనిమిది బల్లలు కావాలి. అదీ జనం సమానంగా వస్తేనే. వాళ్లు అలా రారు. మొదటి అరగంట ఖాళీగా ఉండి, మధ్యలో ఒక్కసారి మీద పడతారు. అందుకని ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. ఇరవై ఏడు బల్లలు మీ వల్ల కాకపోతే కొత్త ప్రయోగాలు వెతక్కండి, బాగా నడిచే వాటినే రెండేసి, మూడేసి బల్లల మీద పెట్టండి. తొమ్మిది రకాలు మూడేసి చొప్పున పెడితే సామాను కొనడం, వాలంటీర్లకు నేర్పడం, పాడైతే మార్చడం అన్నీ సులువవుతాయి. ఇరవై ఏడు రకాలు పెడితే పోస్టరు మీద ఘనంగా ఉంటుంది గానీ మధ్యాహ్నానికి సగం బల్లలు మూలపడతాయి.

ఈ లెక్కలో అందరూ మరిచేది సర్దుకునే ఆ రెండు నిమిషాలే. గ్లాసులు కడగాల్సిన ప్రయోగమైతే అది ఆరు నిమిషాలవుతుంది, బల్ల సామర్థ్యం గంటకు 33కి పడిపోతుంది. పాత్రలు రెండు జతలు ఉంచుకుంటే ఒక జత కడుగుతుండగా రెండోది బల్ల మీద ఉంటుంది. వాడి పారేసే సామాను లెక్కకన్నా పాతిక శాతం ఎక్కువ తెచ్చుకోండి. ఒక్కసారితో ఆపని పిల్లలు ప్రతి బల్ల దగ్గరా ఉంటారు, వాళ్లను ఆపకూడదు కూడా.

మామూలు ల్యాబ్ బల్లలు నిలబడి పనిచేసే ఎత్తులో, దాదాపు 90 సెం.మీ. ఉంటాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు అది ఛాతీ పైదాకా వస్తుంది. కనీసం మూడోవంతు బల్లలు 55 సెం.మీ. ఎత్తువి వెయ్యండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం కింద మోకాళ్లు పట్టేలా 70 సెం.మీ. ఖాళీ ఉన్న బల్లలు విడిగా ఓ మూల కాకుండా వరుసలోనే ఉండాలి. పిల్లలు ఎక్కడానికి స్టూళ్లు వెయ్యకండి, పడతారు.

మోటారు బల్ల

మొత్తం సామానులో డబ్బుకు తగ్గ ఫలితం దీనిదే, ఎక్కువ ఫిర్యాదులు వచ్చేదీ దీని మీదే. అందుకే కాస్త విపులంగా చెప్పుకోవాలి.

కావలసినవి: ఒక్కొక్కరికి ఒక పెద్ద సైజు టార్చి సెల్ (ఒకటిన్నర వోల్టు), రెండు పెద్ద పిన్నీసులు, వెడల్పాటి రబ్బరు బ్యాండు, కరెంటు పారనివ్వని ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ దాదాపు మీటరు, చిన్న ఉప్పుకాగితం ముక్క, ఒక బిళ్ల అయస్కాంతం. తీగ మందం 0.4 నుంచి 0.5 మి.మీ. ఉండాలి. అంతకన్నా సన్నదైతే చుట్ట తన ఆకారంలో నిలవదు, చేతులు వంగిపోతాయి. మందమైతే బరువెక్కి కదలదు. అయస్కాంతం నలుపు రంగు ఫెర్రైటుది, కనీసం రెండున్నర సెం.మీ. వెడల్పుది తీసుకోండి. చిన్న నియోడిమియం బిళ్లలు చాలా బలమైనవే గానీ చిన్నపిల్లలు తిరిగే చోట వాటిని అస్సలు పెట్టొద్దు. రెండు మింగితే పేగుల గోడల మధ్య ఒకదానికొకటి అతుక్కుని పేగుకు చిల్లు పడుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

తీగను రెండున్నర సెం.మీ. వ్యాసం ఉన్న గొట్టం మీద పది చుట్లు చుట్టి, రెండు కొనలనూ చుట్టకు ఎదురెదురుగా నాలుగేసి సెం.మీ. చొప్పున బయటికి వదలాలి. కొనతో చుట్టను రెండు మెలికలు వేసి బిగిస్తే విడిపోదు. పిన్నీసులను సెల్‌కు రెండు వైపులా, తలకు అవతలి కొసన ఉండే చిన్న రింగు పైకి వచ్చేలా నిలబెట్టి రబ్బరు బ్యాండుతో కట్టాలి. అయస్కాంతం సెల్ మీద పడుకుంటుంది. సెల్ పై తొడుగు ఉక్కుదైతే దానంతటదే అతుక్కుంటుంది, లేకుంటే టేపు ముక్క వెయ్యండి. చుట్ట కొనలు పిన్నీసు రింగుల్లో కూర్చుంటాయి.

ఇక అసలు కిటుకు గీకడంలో ఉంది. ఒక కొనను చుట్టూ పూర్తిగా గీకాలి. రెండో కొనను సగం వైపే, అదీ చుట్టను నిలువుగా పట్టుకుని పైకి కనిపించే సగం మాత్రమే గీకాలి. చుట్ట నిలువుగా ఉన్నప్పుడే అయస్కాంతం దాన్ని అత్యధిక బలంతో తిప్పుతుంది. ఆ సమయానికి అటూ ఇటూ పావు చుట్టు కరెంటు పారితే తోపు ఒకే దిక్కుకు పడుతుంది. మిగతా అర చుట్టు కరెంటు ఆగి, చుట్ట తన ఊపుతోనే దాటేస్తుంది. ఇదే తీగను చుట్ట బల్ల మీద పడుకుని ఉండగా పైసగం గీకారనుకోండి, కరెంటు పారే సమయం తప్పు చోట పడుతుంది. తోపు మధ్యలో దిక్కు మార్చుకుంటుంది, చుట్ట ఇటూ అటూ ఊగి ఆగిపోతుంది. చూడ్డానికి రెండు చుట్టలూ ఒకేలా ఉంటాయి. ‘నాది మాత్రం ఎందుకు తిరగట్లేదు’ అన్న ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు.

మిగతా తప్పులు తొందరగా కనిపెట్టవచ్చు. చుట్ట కదలనే కదలదు, సెల్ చల్లగానే ఉంది అంటే పూత సరిగా పోలేదు. రాగి ఎర్రగా మెరిసేదాకా గీకాలి. చుట్ట కదలక సెల్ వేడెక్కుతుంటే కరెంటు పారుతోంది గానీ చుట్ట ఎక్కడో ఇరుక్కుంది. వెంటనే తీసేయండి. తీగ నిరోధం చాలా తక్కువ కాబట్టి కొన్ని ఆంపియర్లు పారతాయి, నిమిషం దాటితే వేలు కాలుతుంది. రెండు కొనలూ పూర్తిగా గీకితే ఊగుతుందే తప్ప తిరగదు. ఒకే వైపు బరువు ఎక్కువుంటే అర చుట్టు తిరిగి కిందకు వేలాడుతుంది. అప్పుడు కొనలు చుట్ట మధ్యగుండా ఒకే గీతలో పోతున్నాయో లేదో చూసి సరిచెయ్యాలి. అన్నీ బాగుండి కూడా తిరగకపోతే రెండో దిక్కుకు తోసి చూడండి. ఈ మోటారుకు తిరిగే దిక్కు ఒకటే ఉంటుంది.

అది తిరగడం మొదలుపెట్టాకే అసలు ప్రయోగం. ‘అయస్కాంతాన్ని బోర్లా వేస్తే ఏమవుతుంది?’ అని అడిగి, చేసే ముందు వాళ్ల చేత ఊహ చెప్పించండి. తర్వాత సెల్‌ను తిరగేస్తే? రెండూ ఒకేసారి చేస్తే? మూడో ప్రశ్నకు చాలామంది ‘ఇంకా వేగంగా తిరుగుతుంది’ అంటారు. నిజానికి మొదటి దిక్కుకే తిరుగుతుంది. కాగితం మీద రాసుకోకుండానే రెండు తిరగేతలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని పదేళ్ల పిల్ల వేళ్లకు తెలిసిపోతుంది.

తీగను ముందే కోసి పెట్టండి గానీ గీకి పెట్టకండి. సమయం ఆదా అవుతుందని గీకిన చుట్టలు ఇచ్చే బల్లలు ఉంటాయి. అక్కడ మోటారు తిరుగుతుంది, ఎందుకు తిరిగిందో ఎవరికీ తెలియదు. ఈ బల్లకు అయిదు కాదు, పదిహేను నిమిషాలు పడుతుంది. దానికి తగ్గట్టు మూడు నాలుగు బల్లలు కేటాయించాలి.

లోలకం: చెడిపోని బల్ల

దారం, రెండు నట్టులు, ఒక కొక్కెం, ఒక స్టాప్‌వాచీ. పాడయ్యేదేమీ లేదు, కరెంటు అక్కర్లేదు, వర్షమొస్తే వరండాలోనైనా నడుస్తుంది. దీన్ని చిన్నచూపు చూడకండి.

దారం పొడవు 24.8 సెం.మీ. పెడితే ఒక పూర్తి ఊపుకు ఒక సెకను పడుతుంది. రెండు సెకన్లు కావాలంటే పొడవు ఎంతుండాలో ఊహించమనండి. అందరూ రెట్టింపు అంటారు. 49.6 సెం.మీ. పెట్టి కొలిస్తే 1.4 సెకన్లే వస్తుంది. నాలుగు రెట్లు, అంటే 99 సెం.మీ. దాటితే గానీ రెండు సెకన్లు రాదు. ఆ నాలుగు రెట్లను మీరు చెప్పొద్దు, దారం గుంజి గుంజి వాళ్లే పట్టుకోవాలి.

ఒక్క ఊపును కొలవనివ్వకండి. వాచీ నొక్కే చెయ్యి అయిదోవంతు సెకను అటూఇటూ అవుతుంది. పది ఊపులు కొలిచి పదితో భాగిస్తే ఆ తప్పు పదోవంతుకు తగ్గుతుంది. వదిలిన క్షణాన్ని ‘ఒకటి’ అని లెక్కపెట్టడం సర్వసాధారణం, అది ‘సున్నా’. పొడవును దారం కొసదాకా కాకుండా నట్టు మధ్యదాకా కొలవాలి. బరువు మారిస్తే ఏమవుతుందో చూపడానికి చాలామంది చిన్న నట్టు తీసి పెద్ద నట్టు కడతారు. దాంతో బరువు మధ్యబిందువు కిందకు జారి పొడవూ మారుతుంది, బరువైనది నెమ్మదిగా ఊగుతుందన్న అబద్ధపు ఫలితం చేతికొస్తుంది. ఒకే పరిమాణంలో ఉన్న ఇత్తడి, ప్లాస్టిక్ గోళీలు వాడండి. ఊపు కోణం 20 డిగ్రీల లోపు ఉంటే సమయంలో తేడా ఒక శాతం కూడా ఉండదు. 60 డిగ్రీలకు లాగి వదిలితే ఏడు శాతం పెరుగుతుంది. పెద్దపిల్లలకు ఈ తేడానే రెండో ప్రయోగంగా ఇవ్వొచ్చు.

డీఎన్ఏ బల్ల

స్ట్రాబెర్రీ కణాల్లో క్రోమోజోములు ఎనిమిది సెట్లుగా ఉంటాయి, మన కణాల్లో రెండే. అందుకే ఈ ప్రయోగానికి దాన్ని మించిన పండు లేదు. అరటిపండూ పనిచేస్తుంది గానీ దానిలో గుజ్జు ఎక్కువై వడకట్టడానికి చాలాసేపు పడుతుంది.

100 మి.లీ. నీళ్లలో 10 మి.లీ. పాత్రలు తోమే లిక్విడ్, అర టీస్పూను ఉప్పు కలిపి ఉంచండి. మంచి పండు ఒకటి జిప్ కవర్లో వేసి, గాలి తీసి, రెండు నిమిషాలు చేత్తో పిసకాలి. దానికి రెండు టేబుల్‌స్పూన్ల సబ్బు నీళ్లు పోసి ఇంకో నిమిషం నెమ్మదిగా నలపాలి. గట్టిగా ఊపితే నురగొచ్చి వడకట్టడం ఆగిపోతుంది. పల్చటి గుడ్డలో వడకట్టి, వచ్చిన రసం అయిదు మి.లీ. గాజు గొట్టంలోకి తీసుకోవాలి. గొట్టాన్ని వంచి, అంచు వెంట బాగా చల్లబరచిన ఆల్కహాల్ అంతే కొలత, వీలైతే రెండింతలు, జారవిడవాలి. రెండు ద్రవాలు కలిసే గీత దగ్గర తెల్లటి పోగులు పైకి లేస్తాయి. సన్నటి పుల్లతో చుట్టి తీయవచ్చు.

సబ్బు కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను చీలుస్తుంది, ఉప్పు డీఎన్ఏ మీది రుణావేశాన్ని కప్పుతుంది, ఆల్కహాల్‌లో డీఎన్ఏ కరగదు కాబట్టి బయటపడుతుంది. తెల్ల పోగు రాకపోతే ఆల్కహాల్‌నే అనుమానించండి. 90 శాతానికి తక్కువున్నది, గది వేడికి వచ్చేసింది, లేదా ఒక్కసారిగా పోయడంతో రసంలో కలిసిపోయింది, ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది. చేతులు తుడుచుకునే 70 శాతం స్పిరిట్‌తో ప్రయత్నించి సమయం పోగొట్టుకోవద్దు. ఆల్కహాల్ సీసాను మామూలు ఫ్రిజ్ ఫ్రీజర్లో పెట్టకండి. ఆవిరి లోపల చేరి స్విచ్ నిప్పురవ్వకు అంటుకోవచ్చు. బకెట్‌లో ఐసు, ఉప్పు వేసి అందులో ఉంచితే చాలు. మంట వాడే బల్ల ఏదైనా ఉంటే దీనికి వేరే గదిలో ఉండాలి.

ఇంకో మాట. చుట్టి తీసిన పోగు మొత్తం డీఎన్ఏ కాదు. దానిలో పెక్టిన్, ప్రొటీన్ కూడా ఉంటాయి. ‘ఇదిగో మీ చేతిలో డీఎన్ఏ’ అని ఊరుకోకుండా ఆ మాటా చెప్పండి. స్వచ్ఛంగా ఎలా తీస్తారో అడిగేవాళ్లు అప్పుడే బయటికొస్తారు, వాళ్లను పక్కనే ఉన్న నిజమైన ల్యాబ్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లవచ్చు.

మేఘ పేటిక

కంటికి కనిపించని కణాల దారులను చూపే క్లౌడ్ ఛాంబర్‌కు సి.టి.ఆర్. విల్సన్ 1927లో నోబెల్ అందుకున్నాడు. డ్రై ఐస్‌తో (గడ్డకట్టిన కార్బన్ డై ఆక్సైడ్) చేసే సులువు రకం ఇప్పుడు ఏ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటైనా ఒక పూటలో తయారు చేసుకోవచ్చు. అందమైనదే, కానీ ఊరికే పెడితే చుట్టూ మూగి చూసే దర్శనంగా మారిపోయే ప్రమాదం దీనికే ఎక్కువ.

పారదర్శక ప్లాస్టిక్ పెట్టె, నల్లరంగు వేసిన లోహపు పలక, పెట్టె పైభాగాన లోపలివైపు అంటించిన ఫెల్ట్ గుడ్డ. గుడ్డను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, పెట్టెను పలక మీద బోర్లించి, అంచు చుట్టూ టేపు లేదా మైనం బంకతో గాలి చొరకుండా మూయాలి. పలక కింద డ్రై ఐస్ ఉంటుంది, మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్. 30 సెం.మీ. చదరపు ట్రేలో రెండున్నర సెం.మీ. మందాన పరిస్తే దాదాపు మూడు కిలోలు పడుతుంది. గదిలో చీకటి చేసి, పక్కనుంచి పలకకు సమాంతరంగా బలమైన ఎల్‌ఈడీ టార్చి వెయ్యండి. పది పదిహేను నిమిషాల దాకా చినుకుల తుంపరే కనిపిస్తుంది. ఆలోపు ఎవర్నీ పిలవకండి.

తర్వాత సన్నటి పొడుగాటి గీతలు, పొట్టి మందపాటి గీతలు వస్తాయి. పొట్టివి ఆల్ఫా కణాలవి, గాల్లో సహజంగా ఉండే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి వస్తాయి. తిన్నగా పోయే పొడుగువాటిలో మ్యూఆన్లు, అంటే పై వాతావరణంలో కాస్మిక్ కిరణాల వల్ల పుట్టి కిందికి దూసుకొచ్చే కణాలు, ఉంటాయి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒక మ్యూఆన్ పడుతుంది. రేడియోధార్మిక మూలకాలేవీ తెచ్చి పెట్టనక్కర్లేదు, పెట్టొద్దు కూడా.

చూడవచ్చినవాళ్ల చేతిలో పెన్సిల్, ఒక చీటీ పెట్టండి. చీటీ మీద మూడు గడులు: పొడుగు, పొట్టి, వంకర. ఒక నిమిషం టైమర్ పెట్టి లెక్క రాయమనండి. ఇద్దరి లెక్క ఎప్పుడూ కలవదు, ఎందుకు కలవలేదో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. చీటీలన్నీ గోడ మీద పట్టికగా అంటించుకుంటూ పోతే సాయంత్రానికి నిజమైన దత్తాంశం తయారవుతుంది.

గీతలు కనిపించకపోతే మూడు చూడండి: ఆల్కహాల్‌లో నీళ్లు ఎక్కువా, అంచు దగ్గర గాలి చొరబడుతోందా (పొగ ఒక వైపుకు కొట్టుకుపోతుంటే అదే), పలకకూ డ్రై ఐస్‌కూ మధ్య ఖాళీ ఉందా. డ్రై ఐస్ ముక్కల్ని పొడిగా చేసి పరిస్తే పలక మొత్తం సమంగా చల్లబడుతుంది.

తక్కినవి, వద్దనుకోవలసినవి

వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని పెడితే డీవీడీ ముక్కలతో కుస్తీ పట్టకండి. మిల్లీమీటరుకు 500 గీతలున్న డిఫ్రాక్షన్ ఫిల్మ్ వాడండి. అట్టపెట్టె చివర చీలిక అర మి.మీ. మించకూడదు, ఫిల్మ్ మీది గీతలకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే రంగులు మసకగా కలిసిపోతాయి. ఫిలమెంటు బల్బు, తెల్ల ఎల్‌ఈడీ, ట్యూబ్‌లైట్ మూడూ వరుసగా చూపితే చాలు. కిటికీ వైపు బల్ల పెట్టొద్దు, ఎవరో ఒకరు దాన్ని సూర్యుడి వైపు తిప్పుతారు. సూర్యుడినే చూపాలంటే అట్టకు చిన్న రంధ్రం పెట్టి రెండు మీటర్ల దూరంలో తెల్ల కాగితం మీద బింబం పడనివ్వండి. దాదాపు 18 మి.మీ. వెడల్పుతో వస్తుంది.

ఊదా క్యాబేజీ రసంతో ఆమ్లక్షార పరీక్ష మంచిదే. రసం పల్చగా ఉండాలి, అదే రోజు తీసినదై ఉండాలి, ప్రతి సీసాకూ దాని డ్రాపర్ దానికే ఉండాలి. డ్రాపర్లు కలిసిపోతే అరగంటలో అన్నీ ఒకే రంగుకు వస్తాయి. కార్న్‌స్టార్చ్‌ను (మొక్కజొన్న గంజిపొడి) నీళ్లలో కలిపి చేసే గట్టి ద్రవం పిల్లలకు బాగా నచ్చుతుంది. రెండు వంతులు పిండి, ఒక వంతు నీళ్లు. మిగిలింది సింకులో పోస్తే పైపులో గడ్డకట్టి ప్లంబర్ని పిలవాల్సి వస్తుంది, కవర్లో కట్టి చెత్తలో వెయ్యండి.

ద్రవ నైట్రోజన్ సందర్శకుల చేతికి ఇవ్వకూడదు. శిక్షణ ఉన్నవాళ్లు దూరంగా చేసి చూపడం వరకే. అది ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాకోచించి గదిలో ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. లేజర్లు పెడితే ఒక మిల్లీవాట్‌కు మించనివే, రెండో తరగతివే పెట్టండి. చవక ఆకుపచ్చ పాయింటర్ల మీద రాసి ఉన్న అంకెను నమ్మకండి. మీటరుతో కొలిచి ఉంచండి.

బల్ల దగ్గర నిలబడేవాళ్లు

బల్లకు ఇద్దరు, నాలుగు బల్లలకు ఒకరు అదనంగా. రెండు గంటలకు మించి ఎవర్నీ నిలబెట్టకండి. గొంతు పోయాక మనిషి చెప్పడం మాని చేసి చూపించడం మొదలుపెడతాడు, అక్కడితో ప్రయోగం చెడుతుంది.

పీహెచ్‌డీ విద్యార్థికి నేర్పడానికి కష్టమైన విషయం చేతులు వెనక్కి పెట్టుకోవడం. పిల్లవాడు ‘తిరగట్లేదన్నా’ అనగానే చెయ్యి ముందుకొస్తుంది, పది సెకన్లలో తిప్పేసి ఇచ్చేస్తారు. అలా కాకుండా ఇలా ఉండాలి:

‘తిరగట్లేదన్నా.’
‘ఒకసారి తోసి చూపించు. ఎక్కడ ఆగింది?’
‘ఇక్కడ. వెనక్కి వచ్చేస్తోంది.’
‘వెనక్కి ఎవరు లాగుతున్నారో?’
‘అయస్కాంతం… కరెంటు ఆగలేదా?’
‘ఏ కొన చూద్దాం?’

ఇంతే. ముందే చెప్పే వివరణ మూడు వాక్యాలు దాటకూడదు, మిగతాదంతా అడిగితేనే. పిల్లల పక్కన వచ్చిన పెద్దవాళ్లకూ ఒక జత సామాను ఇవ్వండి. లేకుంటే పిల్లల చేతిలోది లాక్కుంటారు. ‘మీరూ ఒకటి చెయ్యండి, సార్’ అని చుట్ట చేతిలో పెడితే గొడవ వదులుతుంది.

బల్ల మీది బోర్డు మీద ఒక ప్రశ్న, ఒక పని మాత్రమే. మూడు మీటర్ల దూరం నుంచి చదవాలంటే అక్షరం రెండున్నర సెం.మీ. ఎత్తు ఉండాలి. సిద్ధాంతం పేరు బోర్డు మీద పెద్దగా రాస్తే, పరీక్ష జ్ఞాపకం వచ్చి తప్పుకునేవాళ్లే ఎక్కువ.

భవనం సంగతి

సెలవు రోజున క్యాంపస్ భవనం మామూలు రోజులా ఉండదు. చాలా భవనాల్లో గాలి మార్చే యంత్రాలు టైమర్ మీద నడుస్తాయి, సెలవు రోజుల్లో ఆగిపోతాయి. కిలో డ్రై ఐస్ ఆవిరైతే 540 లీటర్ల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది, అది గాలికన్నా బరువై కింద చేరుతుంది. నేలమాళిగలో, మూసిన లిఫ్టులో, కిటికీలు బిగించిన కారులో డ్రై ఐస్ తీసుకెళ్లకూడదు. గట్టిగా మూతపడే డబ్బాలో అసలే వద్దు, పేలుతుంది. ఆ రోజుకు గాలి యంత్రాలు నడిపించమని నిర్వహణ విభాగానికి రాతపూర్వకంగా పెట్టండి.

డ్రై ఐస్ పొగకు పొగ డిటెక్టర్లు మోగి భవనం మొత్తం ఖాళీ చేయించవచ్చు. డిటెక్టరుకు మీరే కవరు కట్టేయకండి, అది నేరంతో సమానం. భద్రతా విభాగం ఆ ఒక్క గదిని తాత్కాలికంగా వేరు చేసి, అక్కడ మనిషిని కాపలా పెడుతుంది. దానికి వాళ్లకు వారం ముందు చెప్పాలి. లిఫ్టులు తెరిచి ఉంటాయా, మరుగుదొడ్ల తాళాలు ఎవరి దగ్గర, ప్రథమ చికిత్స పెట్టె ఏ గదిలో, అంబులెన్సు ఏ గేటు నుంచి వస్తుంది అన్నవి ఒకే కాగితం మీద రాసి ప్రతి వాలంటీర్ జేబులో పెట్టండి. పరిశోధన ల్యాబుల తలుపులు తాళం వేసే ఉండాలి. ‘ప్రవేశం లేదు’ బోర్డు తాళానికి ప్రత్యామ్నాయం కాదు. ఎక్స్‌టెన్షన్ తీగకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించొద్దు, నడిచే దారిలో తీగ అడ్డంగా పోతుంటే మొత్తం పొడవునా టేపు వెయ్యాలి.

ముందు ఒకసారి నడిపి చూడటం

రెండు వారాల ముందు, ఆ డిపార్ట్‌మెంటుకు సంబంధం లేని ఆరుగురిని, వాళ్లలో ముగ్గురు పిల్లల్ని, ప్రతి బల్ల దగ్గరా కూర్చోబెట్టండి. ప్రయోగం తయారు చేసినవాళ్లు గోడకు ఆనుకుని నిలబడాలి, నోరు విప్పకూడదు. వాచీ పెట్టి మూడు రాసుకోండి: చెయ్యి మొదట సామాను తాకడానికి ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగి అటూఇటూ చూశారు, లేచి వెళ్లడానికి ఎంతసేపైంది. మొదటిది అర నిమిషం దాటితే బోర్డు మార్చాలి. రెండోది అందరికీ ఒకే చోట వస్తే సామాను మార్చాలి. రెండు వారాలుంటే వేరే అయస్కాంతం తెప్పించుకోవచ్చు, ముందు రోజు తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఆ రోజున ‘మీకు నచ్చిందా’ అని చీటీ ఇవ్వకండి, అందరూ నచ్చిందనే రాస్తారు. ప్రతి బల్ల దగ్గరా ఒక నోటుపుస్తకం పెట్టి, వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలు యథాతథంగా రాయమని వాలంటీర్లకు చెప్పండి. అందరూ ‘ఇదెంత?’ ‘ఎక్కడ దొరుకుతుంది?’ అని మాత్రమే అడిగిన బల్లను వచ్చేసారి తీసేయవచ్చు. ‘ఇలా కాకుండా ఇలా చేస్తే?’ అన్న ప్రశ్నలు పడ్డ బల్లను రెండు చెయ్యండి.

మూసేటప్పుడు సెల్స్‌ను తీగల నుంచి విడదీసి, కొనలకు టేపు వేసి పెట్టెలో పెట్టండి. ఒకే డబ్బాలో విడివిడిగా పోస్తే ఒకదానికొకటి తగిలి వేడెక్కుతాయి. అయస్కాంతాలు లెక్కపెట్టండి, ఒక్కటి తగ్గినా నేలంతా వెతకాలి. మిగిలిన ఆల్కహాల్‌ను ద్రావణి వ్యర్థాల డ్రమ్ములోకి, స్ట్రాబెర్రీ గుజ్జును చెత్తలోకి. మిగిలిన డ్రై ఐస్‌ను మనుషులు తిరగని, గాలి ఆడే బయటి చోట మూత వదులుగా ఉన్న థర్మాకోల్ పెట్టెలో వదిలేయండి. ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. సింకులో వేస్తే పింగాణీ పగులుతుంది.